ఆడించని ప్లేటు

శ్యామ్‌సుందర్ రికార్డును ముందు వినడు, తూస్తాడు. అట్ట కవరులోంచి తీసి, అంచుల్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని, తర్వాత ఒక్క కుడిచేతి మీదికి దించుకుని కళ్ళు సగం మూస్తాడు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఏదో మొక్కుకుంటున్నాడనిపిస్తుంది. కళ్ళు తెరిచేసరికి తీర్పు సిద్ధంగా ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. ఆబిడ్స్ మెయిన్ రోడ్డు నుంచి లోపలికి పోయే సందులో, బూట్ల దుకాణానికీ జిరాక్స్ సెంటరుకూ మధ్య ఇరుక్కున్న ఆయన దుకాణంలో దాదాపు యాభై ఏళ్ళుగా ఇదే తంతు.

పాట ఎవరు పాడారు, ఎవరు కట్టారు అన్నది ఆయనకు పట్టదు. ప్లేటు ఏ కాలంలో అచ్చయింది, ఏ సరుకుతో పోశారు, అచ్చు కొత్తదా అరిగిందా, ఇంతే కావాలి. తండ్రి ఈ దుకాణం పెట్టిన రోజుల్లో లక్క ప్లేట్లు వచ్చేవి. లక్కలో రాతిపొడి కలిపి అచ్చు వేసేవాళ్ళు. బరువెక్కువ, చెయ్యి జారితే పెంకులే, పాట వెనక ఎప్పుడూ ఏదో వేగుతున్న చప్పుడు. తర్వాత ప్లాస్టిక్ ప్లేట్లొచ్చాయి. వాటిలో అరవైల్లో అచ్చయినవే శ్యామ్‌సుందర్ లెక్కలో అసలైన ప్లేట్లు. మందంగా, వంచితే వంగకుండా, నల్లగా నిగనిగలాడుతూ ఉండేవి. డెబ్బైల నడుమ చమురు ధర మండిపోయాక సరుకు ప్రియమై ప్లేటు చిక్కిపోయింది. ఎనభైలకు వచ్చేసరికి అమ్ముడుపోని పాత ప్లేట్లను లేబులు కాగితంతో సహా కరిగించి కొత్తవి పోయడం మొదలుపెట్టారు. అరిగిన అచ్చునే పట్టుకుని నొక్కుతూ పోయారు. కవరు చింపి పెట్టిన కొత్త ప్లేటు కూడా చిటపటలాడేది. క్యాసెట్లు వచ్చి ఆ పాపాన్ని ముగించాయి. ఇప్పుడు మళ్ళీ ఫ్యాషనై, ఎర్రవీ పచ్చవీ రంగురంగుల ప్లేట్లు వస్తున్నాయి. చేతిలో పెడితే పలకంత బరువు. కంప్యూటర్లో ఉన్న పాటనే తెచ్చి అంత మందాన పోస్తే ఒరిగేదేమిటని ఆయన కొనేవాళ్ళ మొహం మీదే అడుగుతాడు. అడిగి, వాటినే అమ్ముతాడు.

ఇదంతా ఆయనకు తెలియడం తప్పు కాదు. తెలిసినదాన్ని ఎదుటివాడి నెత్తిన కొట్టకుండా ఉండలేకపోవడమే ఆ మనిషి జబ్బు. ఒకరోజు మధ్యాహ్నం అమరేశ్వరరావు అనే పెద్దాయన గుడ్డసంచిలో పాత రికార్డులు తెచ్చాడు. కోస్తా నుంచి తండ్రి వెంట చిన్నప్పుడే వచ్చి నాంపల్లిలో స్థిరపడిన మనిషి. భార్య పోయి ఏడాది తిరగలేదు. రికార్డులు ఆవిడవి.

"అమ్మడానికి కాదండీ. కాస్త శుభ్రం చేసిపెడతారని తెచ్చాను. ఆవిడ రోజూ పెట్టుకుని వినేది. మధ్యమధ్య చిటపటలొస్తున్నాయి," అన్నాడు ఆయన.

శ్యామ్‌సుందర్ ఒకటి తీసి తూచాడు. ట్యూబ్‌లైటు కిందికి పట్టుకెళ్ళి వాల్చి చూశాడు.

"గీడ చూడున్రి సార్. తెల్లగ చుక్క కనవడ్తుందా? అది దుమ్ము కాదు. వేరే ప్లేటు లేబులు కాయితం. పాతయన్ని కరగవెట్టి పోసిన్రు. గిది కడిగితే పోదు. మీ మేడం కొన్ననాడే చెత్త కొన్నది."

అమరేశ్వరరావు కాసేపు ఆ చుక్క వంకే చూశాడు. "అలాగా అండీ," అని ఒక్కొక్క రికార్డునూ మళ్ళీ సంచిలో సర్దుకున్నాడు. మెట్టు దిగేటప్పుడు సంచిని రెండు చేతులతో గుండెకు ఆనించుకుని పట్టుకున్నాడు.

టిఫిన్ డబ్బా తెచ్చి మూల స్టూలు మీద కూర్చున్న కమల ఇదంతా చూసింది. శ్యామ్‌సుందర్ భార్య. అప్పటికి ఆమెకు గొంతు ఉంది.

"గట్లనా మాట్లాడేది? పెండ్లాం పోయి ఉన్న మనిషి," అంది.

"నేను ప్లేటు గురించి చెప్పిన. ఆయన పెండ్లాం గురించి చెప్పలే," అని డబ్బా మూత తీశాడు శ్యామ్‌సుందర్.

ఈ పెళ్ళి కుదిరిందే ఒక ప్లేటు మీద. కమల తండ్రి సుల్తాన్ బజార్‌లో ఒక ఆఫీసు గుమాస్తా. కూతురు ఇంట్లో పాడితే పక్క వాటాలవాళ్ళు పనులాపి వినేవాళ్ళు. పెళ్ళిచూపులకు ఎవరైనా వచ్చి కూర్చుని పాడమంటే మాత్రం ఆ పిల్ల నోరు పెగిలేది కాదు. ఒక సంబంధం అలాగే చెడింది. వచ్చినవాళ్ళు పిల్ల మూగదేమోనని కూడా అన్నారు. తండ్రికి కడుపు రగిలి, నాంపల్లి స్టేషన్ ఎదుట మేడమీద అప్పట్లో ఉండిన ఒక చిన్న స్టూడియోకు తీసుకెళ్ళాడు. అక్కడ ఒకాయన మనిషి గొంతును అప్పటికప్పుడు ప్లేటు మీద కోసి ఇచ్చేవాడు. తలుపులు మూసిన గదిలో, తండ్రి తప్ప ఎవరూ లేనిచోట, కమల హాయిగా పాడింది. కోసిన వెంటనే స్టూడియో ఆయన ఒకసారి వినిపించాడు. అలాంటిది ఒకే ఒక్క ప్లేటు. రెండోది లేదు.

తర్వాతి సంబంధం శ్యామ్‌సుందర్‌ది. రికార్డుల దుకాణం ఉన్న ఇల్లని తెలిసి ఆ తండ్రి పొంగిపోయాడు. దేవుడే కుదిర్చాడనుకున్నాడు. ఫలహారాలు కానిచ్చాక ప్లేటు తెచ్చి పెళ్ళికొడుకు చేతిలో పెట్టాడు. శ్యామ్‌సుందర్ దాన్ని అరచేతి మీదికి దించుకుని కళ్ళు సగం మూశాడు.

"బరువుంది. మంచిగుంది," అన్నాడు.

గదిలో అందరూ పడీపడీ నవ్వారు. తలుపు చాటునున్న కమలా నవ్వింది. "ఒకపారి ఆడించి వినున్రి బాబూ," అని తండ్రి అడిగితే దుకాణంలో వింటానన్నాడు. ముహూర్తం పెట్టుకున్నారు. ప్లేటు కమలతోపాటే అత్తారింటికి వచ్చింది. పెళ్ళైన రెండో ఏడే ఆమె తండ్రి పోయాడు.

దుకాణంలో అన్ని మిషన్లు పెట్టుకున్న మనిషి ఇంట్లో ఒక్కటి ఉంచలేదు. కొత్తలో కమల అడిగింది. అమ్మే సరుకు ఆడించడానికే టైం లేదన్నాడు. ఇంకోసారి అడిగితే ముల్లు అరుగుతుందన్నాడు. పెళ్ళాం పాట వింటే ముల్లు అరుగుతుందని లెక్క కట్టిన మొగుణ్ణి ఏమనాలో మీరే చెప్పండి. కమల అడగడం మానేసింది. కొన్నాళ్ళకు వంటింట్లో కూనిరాగం తీయడమూ మానేసింది, టీవీ వినబడటం లేదని ఆయన ముందుగదిలోంచి అరుస్తూంటే. ప్లేటును తన పెళ్ళి పట్టుచీర మడతల్లో పెట్టి బీరువా అడుగున దాచుకుంది.

ఇలా ఉండగా కమల గొంతులో గడ్డ లేచింది. మొదట జలుబనుకున్నారు, తర్వాత గ్యాస్ అన్నారు. చివరికి దవాఖానలో పరీక్షలు చేసి, మాట పుట్టే చోటునే కోసి తీసేయాలన్నారు. తీసేశారు. మెడలో చిన్న రంధ్రం మిగిలింది. మాట్లాడాలంటే టార్చిలైటంత మిషన్‌ను మెడకు ఆనించి బటన్ నొక్కాలి. అప్పుడు గొంతులోంచి ఒకటే శ్రుతిలో, ఎత్తూ పల్లం లేకుండా, బర్రుమనే చప్పుడుతో మాటలు వస్తాయి. ఆ మాటలకు కోపం ఉండదు, ప్రేమ ఉండదు. అన్నం తిన్నావా అని అడిగినా, చచ్చిపోవాలనుంది అన్నా ఒకేలాగ వినిపిస్తుంది.

ఆమె ఆ మిషన్‌తో మొదటిసారి దుకాణానికి వచ్చిన రోజు గౌతమ్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు రికార్డులు చూస్తున్నాడు. ఇంటి తాళంచెవి కావాలని కమల అడిగింది. శ్యామ్‌సుందర్ తాళంచెవి ఇస్తూ గౌతమ్ వైపు కన్ను గీటాడు.

"విన్నవా? ఎనభైల ప్లేటు లెక్క లేదూ?"

గౌతమ్ తల వంచుకుని చేతిలో ఉన్న కవరు చదవసాగాడు. కమల తాళంచెవి తీసుకుని, మిషన్ సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. ఆయన మాత్రం తన హాస్యానికి తానే చాలాసేపు ముసిముసిగా నవ్వుకున్నాడు.

మనవరాలు అక్షితకు నానమ్మంటే ప్రాణం. కొడుకు బబ్లూ కూతురు. ఆ బబ్లూకు నలభై దాటినా ఇంటా బయటా అదే పేరు. డిగ్రీ చదువుతున్న అక్షిత తన ఫోనూ, తల్లి ఫోనూ, తండ్రి ఫోనూ మొత్తం వెతికింది. నానమ్మ మాటలు అక్కడక్కడ దొరికాయి. గ్యాస్ బంద్ చెయ్యి, చెప్పులు బయట విడువు, కూరలో ఉప్పు చూడు. పాట ఒక్కటి కూడా దొరకలేదు. నువ్వు పాడేదానివని నాన్న అంటాడు, నిజమేనా అని అక్షిత అడిగింది. కమల లేచి వెళ్ళి బీరువా అడుగు నుంచి పట్టుచీర తీసింది.

మర్నాడు ఇద్దరూ దుకాణానికి వచ్చారు. కమల ప్లేటును కౌంటరు మీద పెట్టి మిషన్‌ను మెడకు ఆనించింది.

"గిది పెట్టు. నేను వింట."

దుకాణంలో గౌతమ్ ఉన్నాడు, ఇంకో ఇద్దరున్నారు. నలుగురూ చూస్తుండగా శ్యామ్‌సుందర్ ప్లేటును అరచేతి మీదికి తీసుకున్నాడు. బరువు అలాగే ఉంది. పైన మాత్రం తెల్లగా పొడి కమ్ముకుని ఉంది.

"బూజు పట్టింది. ఇన్నేండ్లు చీరెల ముడిస్తే గిట్లనే అయితది. కడగాలె," అన్నాడు.

"తాతా, ముందు ఒక్కసారి ప్లే చెయ్యి. నేను ఫోన్ల రికార్డ్ చేస్కుంట. తర్వాత కడుగు," అంది అక్షిత.

"మురికి ప్లేటు మీద ముల్లు పెడ్తే మురికిని గాట్లల్లకి దిగ్గొట్టినట్టే. నా దుకాణంల గట్ల నడవదు. మా నాయిన కాలం నుంచి నడవలే."

"ఒక్కసారే గద తాతా."

"ఒక్కసారి కాదు, అర్ధసారి గూడ పెట్ట. రేపు పొద్దుగాల కడిగి, సాఫ్ చేసి, నేనే నీ ఫోన్ల ఎక్కిస్త. అద్దం లెక్క వినవడ్తది."

ఆయన కౌంటరు మీద దించిన ప్లేటు అంచు మీద కమల చెయ్యి పడింది. తీయబుద్ధి కాలేదు. కాసేపటికి తీసింది.

"జర పైలం," అని జాగ్రత్త చెప్పింది మిషన్.

శ్యామ్‌సుందర్ కడిగే పద్ధతి ఆ సందులో పేరున్నదే. వడ్రంగులు చెక్కకు పూసే తెల్ల జిగురును ప్లేటు మీద పోసి, పాత పోస్టుకార్డుతో గాట్ల వెంబడి సమంగా పరిచి, ఫ్యాను కింద ఆరబెడతాడు. ఆరాక అది గాజుకాగితంలా తేలిపోతుంది. అంచు పట్టుకుని మెల్లగా లాగితే పొర మొత్తం ఒక్కటిగా లేచి, గాట్లలో ఏళ్ళ తరబడి కూరుకుపోయిన దుమ్మును వెంట తెస్తుంది. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన ప్లాస్టిక్ ప్లేటుకు దాన్ని మించిన స్నానం లేదు. ఆయన చేతిమీదుగా అలా తేటపడిన ప్లేట్లకు లెక్క లేదు.

మర్నాడు పొద్దున్నే దుకాణం తెరిచి పనిలోకి దిగాడు. తెల్లపొడిని మెత్తటి గుడ్డతో తుడిచాడు. లేబులు అంచున, నడిమి రంధ్రం చుట్టూ మూడు చిన్న చిల్లులు కనిపించాయి. ఫ్యాక్టరీ ప్లేటుకు అవి ఉండవు. ఎవడో పని రానివాడు బిగించినట్టున్నాడు అనుకున్నాడు. అంచున ఒకచోట నలుపు రాలి సన్నటి తెల్లగీత మెరిసింది. గీరుకుపోయిందనుకున్నాడు. ఆగి ఆలోచించడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ బరువు బాగుంది, బరువున్నది మంచి ప్లేటు, ఆయన శాస్త్రం అక్కడితో సమాప్తం. జిగురు పోశాడు. పరిచాడు. ఫ్యాను వేసి, ఎదుటి కొట్లో చాయ్ తాగడానికి వెళ్ళాడు.

మధ్యాహ్నానికి జిగురు ఆరింది. అంచు పట్టుకుని లాగాడు. మామూలుగా తేటగా లేచే పొర నల్లగా లేచింది. చెయ్యి ఆగలేదు, ఆ అలవాటు అలాంటిది. సగం దాకా లాగాక గానీ కింద ఏమి మెరుస్తున్నదో కంటికి ఆనలేదు. అది అల్యూమినియం రేకు. బోసిగా, వెండిలా తళతళలాడుతూ, మీద ఒక్క గాటు కూడా లేకుండా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు తండ్రి చెప్పాడు. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన ప్లేటు వేరు, స్టూడియోలో అప్పటికప్పుడు కోసిన ప్లేటు వేరు. కోసినదాని లోపల రేకు ఉంటది, మీద రంగు పూసినట్టు పల్చటి పొర ఉంటది, పాట ఆ పొర మీదనే ఉంటది. ముసలిదైతే పొర నుంచి తెల్లపొడి ఊరుతది. దాన్ని తడపొద్దు, కడగొద్దు, ఉన్నన్ని రోజులు విని దండం పెట్టాలె. అలాంటి ప్లేట్లను ఎవరూ అమ్ముకోరు గనక దుకాణానికి ఎన్నడూ రాలేదు. వచ్చిన ఒక్కటీ తన ఇంట్లోనే, చీర మడతల్లో ఉంది.

మిగిలిన సగం మీద ముల్లు పెట్టి చూశాడు. ఈ వయసులో మొదటిసారి, కడగడం పూర్తికాని ప్లేటు మీద. పొర పెచ్చులుగా లేచి ముల్లుకు చుట్టుకుంది. రేకు మీద ముల్లు గీరుకునే చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. లాగేసిన జిగురు పొరను వెలుతురుకు పట్టి చూశాడు. ఊడిన గాట్లన్నీ దాని మీద ఉన్నాయి, వంకర పోకుండా, వరసగా. కమల పాట అక్కడ ఉంది. దాన్ని వినిపించే మిషన్ మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఆయనకు ఏడుపు వచ్చిందని చెప్పగలిగితే బాగుండేది. రాలేదు. వచ్చింది భయం. కమల ఏమవుతుందోనని కాదు, గౌతమ్‌కు తెలిస్తే ఎలా అని. ఆబిడ్స్‌లో ప్లేటు చూసి చెప్పే ఒకే ఒక్క మనిషి, సొంత ఇంటి ప్లేటును గుర్తుపట్టలేదని సందంతా నవ్వుతుంది. షట్టరు సగం దించాడు. రేకు మీద మిగిలినదీ గీకి, నల్లపొరనంతా ముద్ద చేసి పాలిథిన్ సంచిలో కట్టి, మురుగు కాలువలో పడేసి వచ్చాడు.

వెనక అలమరలో ఎవరూ అడగని ప్లేట్ల గుట్ట ఒకటుంది. భజన మండలివాళ్ళు, బడి పిల్లలు సొంతంగా అచ్చు వేయించుకున్నవి, లేబుళ్ళు ఊడిపోయినవి. శ్యామ్‌సుందర్ నేల మీద కూర్చుని వాటిని ఒక్కొక్కటీ మిషన్ మీద పెట్టి విన్నాడు. ఆడపిల్ల గొంతు కావాలి, ఒక్కతే పాడినది కావాలి. బరువు చూడకుండా ప్లేటును ఎంచడం ఆయనకిదే మొదలు. ఎట్టకేలకు ఒకటి దొరికింది. ఎవరో పదహారు, పదిహేడేళ్ళ పిల్ల, వెనక హార్మోనియం, దేవుడి పాట. సన్నటి గొంతు. కమల గొంతుకు దగ్గరగా ఉందా లేదా పోల్చుకుందామని కళ్ళు మూసుకున్నాడు. పెళ్ళైన కొత్తలో కమల వంటింట్లో తీసిన రాగం గుర్తు తెచ్చుకోబోయాడు. టీవీ చప్పుడే గుర్తొచ్చింది.

సాయంత్రం ఆ పాటను వైరు పెట్టి ఫోనులోకి ఎక్కించాడు. ఇంటికి వెళ్ళి కథ అల్లాడు. ప్లేటు అప్పటికే పాడైపోయి ఉంది, ఒక్కసారే ఆడింది, అంతలోనే పొర పెచ్చులూడింది, ఆ ఒక్కసారిలోనే పట్టుకున్నాను అన్నాడు. సాక్ష్యానికి బోసి రేకును బల్ల మీద పెట్టాడు. లేబులు కూడా దాని మీద లేదు.

అందరూ ముందుగదిలో కూర్చున్నారు. బబ్లూ టీవీ ఆపాడు. కోడలు పొయ్యి కట్టేసి వచ్చింది. అక్షిత ఫోనును చిన్న స్పీకరుకు కలిపి నానమ్మ పక్కన కూర్చుంది. కమల చీర కొంగు సర్దుకుని, కుర్చీ అంచుకు జరిగి, చెవి స్పీకరు వైపు పెట్టింది. ఆ మొహంలో అంత వెలుగు ఆపరేషన్ తర్వాత ఎవరూ చూడలేదు. హార్మోనియం మొదలైంది. కమల ఇంకా దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు అలాగే వంగి ఉంది. పాట అందుకుంది. అప్పుడు ఆమె మెల్లగా వెనక్కి వాలింది. ఒళ్ళో ఉన్న చెయ్యి తెరుచుకుంది.

అక్షిత వెక్కివెక్కి ఏడ్చింది. "నానమ్మా, నువ్వు గింత మంచిగ పాడెదానివా," అంటూ ఆమె భుజం మీద తల పెట్టింది. బబ్లూ కళ్ళు తుడుచుకున్నాడు. పాట అయిపోయాక అందరూ కమల వైపు చూశారు. కమల శ్యామ్‌సుందర్ వైపు చూసింది. ఆ చూపు ఎంతసేపుందో ఆయనకే తెలుసు. తర్వాత ఆమె మనవరాలి తల నిమురుతూ, ఔనన్నట్టు తల ఊపింది.

"నువ్వు లేకుంటే గిది గూడ మిగలకపోవు డాడీ," అన్నాడు బబ్లూ.

శ్యామ్‌సుందర్‌కు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. కమలకు తన గొంతూ, పాడిన పాటా గుర్తులేవనుకున్నాడు. ఇన్నేళ్ళయింది, ఎవరికి గుర్తుంటుంది? అక్షిత పాటను చుట్టాలందరికీ పంపింది, తన ఫోనుకు రింగుగా పెట్టుకుంది. బేగం బజార్ నుంచి కమల పిన్ని కొడుకులు ఫోన్ చేసి పొగిడారు. దుకాణంలో శ్యామ్‌సుందర్ కథకు రోజురోజుకూ రెక్కలొచ్చాయి. పొర కళ్ళముందే లేస్తూంటే ముల్లును వేలితో ఆపి పట్టుకున్నానని గౌతమ్‌కు చేసి చూపించాడు. గౌతమ్ నోరు తెరుచుకుని విన్నాడు. చెప్పీ చెప్పీ కొన్నాళ్ళకు ఆయన కూడా దాన్ని నమ్మాడు.

ఆపరేషన్ తర్వాత కమల డబ్బా మోయలేక ఆయనే మధ్యాహ్నం నాంపల్లిలోని తమ ఇంటికి వచ్చి తింటున్నాడు. ఒకరోజు చేతులు కడుక్కుని పీట మీద కూర్చోబోతూ పొయ్యి వైపు చూశాడు. అన్నం గిన్నె మీద మూతగా ఆ రేకు ఉంది. నడిమి రంధ్రంలోంచి, చుట్టూ ఉన్న మూడు చిల్లుల్లోంచి ఆవిరి నాలుగు పోగులుగా లేస్తోంది. కమల దాన్ని మసిగుడ్డతో పట్టుకుని తీసి పక్కన పెట్టి, అన్నం కలియబెట్టి మళ్ళీ మూసింది. ఏళ్ళ తరబడి అదే పని మీద ఉన్న మూతను వాడినట్టే వాడింది.

"గదెందుకు పెట్టినవ్ గాడ?" అన్నాడు.

కమల గూట్లోంచి మిషన్ తీసి మెడకు ఆనించింది.

"సరిగ్గ పట్టింది."

ఆయన పీట మీద కూలబడ్డాడు.

"నీకు ఎరికేనా?"

"పాట ముంగట మా నాయిన మాట ఉండె," అంది ఆ చప్పుడు. "నా పేరు చెప్పిండు. ఇది మా కమల, సిగ్గు ఎక్కువ, జర ఓపికతోని వినున్రి అన్నడు. నువ్వు తెచ్చిన దాంట్ల ఆ మాట లేదు."

బయట సందులో ఆటో ఆగి, ఎవరో దిగి, మళ్ళీ కదిలింది.

"మరి ఆనాడు అందరి ముంగట ఎందుకు తల ఊపినవ్?"

"అక్షితకు నానమ్మ పాట కావాలె. దొరికింది. దాని నోటి కాడిది నేనెందుకు గుంజుకోవాలె." మిషన్ ఆగింది. మళ్ళీ బర్రుమంది. "ఆ పిల్ల ఎవరో గని మంచిగ పాడింది. ఆమెనన్న విన్నవ్ నువ్వు."

ఆ మాటలో కోపం ఉందో, ఎకసక్కెం ఉందో, ఏమీ లేదో ఆయనకు తెలియలేదు. ఆ మిషన్ అలాంటివేవీ చెప్పదు. ఇంతకాలం సమాధానాలే తప్ప ప్రశ్నలు తెలియని మనిషికి అప్పుడు ఒక ప్రశ్న పుట్టింది. ఎన్నడో పెళ్ళిచూపుల నాడే అడగాల్సింది.

"కమలా, నువ్వు దాంట్ల ఏం పాడినవ్?"

కమల ఆయన మొహంలోకి చూసింది. పెదవులు కొద్దిగా విడివడ్డాయి. మిషన్‌ను మెడ దాకా తెచ్చింది. ఆయన ముందుకు వంగి, చెవి ఒగ్గి కూర్చున్నాడు. ఆమె చెయ్యి అక్కడ కాసేపు ఆగింది. తర్వాత దిగింది. బటన్ నొక్కకుండానే మిషన్‌ను గూట్లో పెట్టేసి, కంచం ఆయన ముందుకు జరిపి అన్నం వడ్డించింది.